రాయికి ముఖం, ముఖానికి రాయి

(డిసెంబరు 17, పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నెల కిందట ఫోను చేసి, "కరువు భత్యం బకాయిల గురించి ఒకరు, వైద్య ఖర్చుల గురించి ఒకరు మాట్లాడుతున్నారు. మీరు కాస్త వేరే విషయం మీద మాట్లాడండి, ప్రత్యేక సంచికలో వేసుకుంటాం" అన్నారు. నాకు తెలిసిన వేరే విషయం ఒక్కటే, రాళ్ళు. 1971లో చేరి 2004లో పదవీ విరమణ చేసేదాకా ముప్పై మూడేళ్ళు సుత్తి, సంచీ, భూతద్దం పట్టుకుని తిరిగినవాణ్ణి. అయితే ఈ రోజు రాళ్ళను కొట్టడం గురించి కాకుండా, వాటిని ముఖానికి తగిలించుకోవడం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. నవ్వకండి. నేనూ మొదట నవ్వినవాణ్ణే.

ముఖానికి రాయి పూసుకోవడం కొత్తేమీ కాదు. మనం రోజూ వాడే పౌడరు, టాల్క్ అనే ఖనిజాన్ని మెత్తగా నూరగా వచ్చిందే. చిన్నప్పుడు పలక మీద రాసి, దొంగతనంగా కొరుక్కు తిన్న బలపం దానికి దగ్గరి చుట్టం. పూర్వం వేషాలు కట్టేవారు ముఖానికి పూసుకున్న అర్దళం పసుపుపచ్చని రాయి. ఆర్సెనిక్, గంధకం కలిసినది, అంటే శుద్ధ విషం. వాళ్ళకు ఆ సంగతి తెలిసి పూసుకున్నారో తెలియక పూసుకున్నారో గాని, రాత్రంతా దానితోనే ఆడి పాడారు. మెరుపుకు చల్లుకునే అభ్రకం మన గూడూరు గనుల్లో దొరికేదే. కనుక మేకప్పుకూ మా శాస్త్రానికీ పాత బంధుత్వమే ఉంది.

రంగు పూయడం ఒక ఎత్తు, ముఖాన్నే మార్చడం ఒక ఎత్తు. 1957లో వచ్చిన మాయాబజార్‌లో రంగారావుగారి ఘటోత్కచుణ్ణి మనమంతా చూశాం. ఆ గాంభీర్యంలో రంగు వాటా ఎంత, ఆయన కళ్ళ వాటా ఎంత అని మా ఇంట్లో వాదించుకునేవాళ్ళం. తర్వాత 1996లో భారతీయుడు వచ్చింది. కమలహాసన్ ముసలి స్వాతంత్ర్య సమరయోధుడిగా కనిపిస్తే, మా ఆవిడ హాల్లోనే "అచ్చం మా పెదనాన్నలా ఉన్నాడండీ" అంది. అది రంగు కాదు. అచ్చుపోసి తయారుచేసిన చర్మం ముక్కల్ని ముఖానికి అతికించి, అంచులు కనపడకుండా కలిపేశారు. ఆ పనికి అమెరికా నుంచి మైఖేల్ వెస్ట్‌మోర్ అనే ఆయన వచ్చాడు. దీన్ని ప్రోస్థటిక్ మేకప్ అంటారు. దీనికి గురుస్థానంలో ఉన్నవాడు డిక్ స్మిత్. 1970లో వచ్చిన లిటిల్ బిగ్ మ్యాన్ అనే చిత్రంలో డస్టిన్ హాఫ్‌మన్‌ను ఆయన 121 ఏళ్ళ వృద్ధుణ్ణి చేశాడు. ముఖమంతా ఒకే ముసుగుగా చేస్తే అది కదలదని, కనురెప్పలు, బుగ్గలు, పెదవులు, మెడ వేరువేరు ముక్కలుగా పోసి, ఒకదాని అంచు ఇంకొకదాని మీదికి వచ్చేలా అతికించాడు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇక నా కథలోకి వస్తాను. మా పెద్దమ్మాయి కూతురు ఇంజనీరింగు చదివింది. రెండేళ్ళు సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసి 2020లో మానేసింది. ఈ మేకప్పు పని నేర్చుకుంటానంది. మా అల్లుడుగారు దాదాపు ఏడాదిపాటు ఆ పిల్లతో మాట్లాడలేదు. "మామయ్యగారూ, మీరైనా చెప్పండి. మీ మాట వింటుంది" అని నాకు ఫోను చేశారు. నేను చెప్పాను కూడా. అంతా విని, "తాతయ్యా, మీరు పాతికేళ్ళ వయసులో అడవుల్లో గుడారం వేసుకుని రాళ్ళు కొట్టుకుంటానంటే మీ నాన్నగారు ఏమన్నారు?" అంది. మా నాన్న అన్నమాట ఈ సభలో చెప్పదగినది కాదు. అంతటితో నేను నోరు మూసుకున్నాను.

2021 చివర్లో ఆ పిల్ల రెండు పెట్టెలు, మూడు బస్తాలతో మా ఇంట్లో దిగింది. ఎవరో కుర్రవాళ్ళు తీస్తున్న లఘుచిత్రంలో కొండను కాపలా కాసే భూతం ఉంది. ఆ రాతి మనిషిని తయారుచేసే పని దీనికి అప్పగించారు. వాళ్ళ ఇంట్లో సిమెంటు, జిప్సం కలపడానికి వీల్లేదన్నారట. మా వరండా దొరికింది. మొదట ఆ వేషం వేసే కుర్రవాడి ముఖానికి అచ్చు తీశారు. కట్టుడు పళ్ళున్నవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు, పళ్ళ డాక్టరు గులాబీ రంగు ముద్ద ఒకటి నోట్లో కుక్కుతాడు చూడండి, అదే ఆల్జినేట్. దాన్ని ముఖమంతా పూసి, పైన ప్లాస్టరు కట్లు వేసి, ఊపిరికి ముక్కు రంధ్రాలు మాత్రం వదిలారు. మా ఆవిడ కాఫీ తెచ్చి, ఆ దృశ్యం చూసి, గ్లాసులు అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఇల్లంతా సాంబ్రాణి పొగ. ఆ తర్వాత కళ్ళు మూసుకున్న తెల్లని ముఖం ఒకటి మా వరండా బల్ల మీద నెల రోజులు ఉంది. పాలబ్బాయి గేటు దగ్గరే పాలు పెట్టి పోయేవాడు.

ఆ తెల్లని ముఖం మీద నూనె బంకమట్టితో కావలసిన రూపం మలచాలి. దాని మీద అచ్చు తీసి, మట్టి తీసేసి, ఆ ఖాళీలో సిలికాను పోస్తే కొత్త చర్మం వస్తుంది. పిల్ల మూడు రోజులు కష్టపడి మలిచి నాకు చూపించింది. ముఖమంతా అడ్డదిడ్డంగా పగుళ్ళు. "ఇది రాయి కాదమ్మా, వేసవిలో ఎండిన చెరువు" అన్నాను. దాని మొహం చిన్నబోయింది. "ఫొటోలు చూసే చేశాను తాతయ్యా" అంది. "ఫొటోలో రాయికి బరువుండదు. లేచి చెప్పులు వేసుకో" అన్నాను.

మర్నాడు నగరానికి దక్షిణంగా ఉన్న ఒక గుట్టకు తీసుకెళ్ళాను. పేరు చెప్పను, కారణం తర్వాత మీకే తెలుస్తుంది. హైదరాబాదు చుట్టూ ఉన్న ఈ గుండ్లు మనం పుట్టినప్పటి నుంచి చూస్తున్నవే కనుక వాటిని మనం చూడం. ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. భూమి లోతుల్లో చల్లారి గట్టిపడ్డ రాయి. పైనున్న బరువంతా యుగాల తరబడి కొట్టుకుపోయాక, ఒత్తిడి తగ్గి, ఉల్లిపొరల్లాగా ఉపరితలానికి సమాంతరంగా పగులుతుంది. నిలువు పగుళ్ళు వేరే ఉంటాయి. రెండూ కలిస్తే పెద్ద పెద్ద పెట్టెల్లాంటి దిమ్మెలు ఏర్పడతాయి. మరి పెట్టె గుండు ఎలా అయింది? నీరు పగుళ్ళలోకి దిగి రాయిని తింటుంది. చదును ముఖాన్ని ఒక వైపు నుంచే తింటుంది, అంచును రెండు వైపుల నుంచి, మూలను మూడు వైపుల నుంచి తింటుంది. అందుకని మూలలు ముందు పోతాయి. స్నానాలగదిలో సబ్బుబిళ్ళ చూడండి, కొత్తది పలకలుగా ఉంటుంది, పది రోజులకు గుండ్రమవుతుంది. ఇదీ అంతే, కాకపోతే పది రోజులు కాదు.

ఇదంతా చెప్పి, "రాతి మీద పగులు ఊరికే రాదమ్మా. ప్రతి పగులుకూ ఒక దిక్కు ఉంటుంది, ఒక కారణం ఉంటుంది. నీ మట్టి ముఖం మీద పగుళ్ళకు కారణం లేదు" అన్నాను. అది గుండు మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. తర్వాత నా వైపు తిరిగి, "తాతయ్యా, ముఖం ఎక్కడ పగులుతుంది?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. "నవ్వండి" అంది. నవ్వాను. "కనుబొమలు ఎత్తండి" అంది. ఎత్తాను. సంచిలోంచి కనుబొమల పెన్సిలు తీసి నా ముఖం మీద గీతలు గీయడం మొదలుపెట్టింది. నుదుటి మీద మూడు అడ్డగీతలు, కళ్ళ చివర కాకి కాళ్ళు, ముక్కు పక్క నుంచి నోటి చివర దాకా రెండు పక్కలా రెండు వంపులు, గడ్డం కింద ఒకటి. ఆ దారిన గొర్రెలు తోలుకుపోతున్న అతను ఆగి, "సారుకేమైంది బిడ్డా?" అని అడిగాడు. "ఏం కాలే, సారు గుట్ట అయితుండు" అంది మా పిల్ల.

చూడండి, నేను మూడు దశాబ్దాలు పగుళ్ళ దిక్కులు కొలిచి నోటుపుస్తకాలు నింపాను గాని, ఈ సంగతి నాకు తట్టలేదు. రాయి బలహీనంగా ఉన్నచోట పగులుతుంది. ముఖం కండరాలు లాగేచోట మడతపడుతుంది. రాతి మనిషికి పగుళ్ళన్నీ ఆ మడతల మీదే పెట్టాలి. నుదురు ఒక దిమ్మె, బుగ్గలు రెండు గుండ్లు, ముక్కు ఒకటి, దవడ ఒకటి. దిమ్మెలు మందంగా ఉంటాయి, కదలవు. వాటి మధ్య పగులులో సిలికాను పల్చగా ఉంటుంది, అక్కడ కదులుతుంది. నటుడు కోపంతో కనుబొమలు ముడిస్తే నుదుటి దిమ్మె కిందికి జరుగుతుంది. రాయి కదిలినట్టే ఉంటుంది, మనిషి బాధా కనిపిస్తుంది. డిక్ స్మిత్ ముక్కలు ముక్కలుగా చేసిన పనికీ దీనికీ మూలం ఒకటే.

విదేశాల్లో ఈ రాతి మనిషి పాతవాడే. 1961లో స్టాన్ లీ, జాక్ కర్బీ అనే ఇద్దరు బొమ్మల కథల్లో అతణ్ణి పుట్టించారు. 2005లో ఫెంటాస్టిక్ ఫోర్ పేరుతో సినిమా తీసినప్పుడు మైఖేల్ చిక్లిస్ అనే నటుడికి నిజంగానే రబ్బరు నురగతో ఒళ్ళంతా రాతి తొడుగు చేసి తొడిగారు. దాదాపు 27 కిలోలు. బియ్యం బస్తా వేసుకుని నటించడమన్నమాట. తర్వాత 2015లో అదే మనిషిని కంప్యూటరుతో చేశారు. 2025లో వచ్చిన చిత్రంలోనూ కంప్యూటరే, అయితే ఈసారి వాళ్ళు ఎడారికి పోయి తమకు కావలసిన రాయిని వెతికి తెచ్చుకుని, దాని మీద వెలుతురు ఎలా పడుతుందో తెలియడానికి దాన్నీ కెమెరా ముందు పెట్టి తీశారని దర్శకుడు చెప్పాడు. కంప్యూటరు వచ్చినా రాయి దగ్గరికి పోక తప్పలేదు. ఇది విని నేను చాలా సంతోషించానని దాచుకోను.

ఆకారం కుదిరాక గరుకుతనం సంగతి వచ్చింది. మీలో ఎంతమందికి జీవన ధ్రువపత్రం వేళ వేలిముద్ర పడకుండా ఇబ్బంది అయిందో చేతులెత్తండి. చూశారా, సగం సభ! బొటనవేలి గీతలు అరిగిపోయాయి. యంత్రం మనల్ని బతికున్నట్టు ఒప్పుకోదు. 2021 నుంచి ముఖం చూపించినా సరిపోయే ఏర్పాటు వచ్చింది కనుక బతికిపోయాం. రాతికీ అలాంటి వేలిముద్ర ఉంటుంది. గ్రానైటులో గుల్లబారిన ఫెల్డ్‌స్పారు పలుకులు రాలిపోతే గుంటలు పడతాయి. గట్టి క్వార్ట్జ్ పలుకులు పైకి పొడుచుకుని నిలబడతాయి. చెయ్యి వేస్తే గీరుకుంటుంది. దాన్ని చేత్తో మలచాలంటే ఏ శిల్పికైనా నెలలు పడుతుంది. అందుకని రాతి నుంచే ముద్ర తీసుకోవాలి.

పద్ధతి చెబుతాను, ఇంట్లో మనవలు సరదాపడితే చేసి చూపించవచ్చు. నాచు పట్టని చోటు చూసుకుని కుంచెతో దుమ్ము దులపాలి. రాతినాచు ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు కూడా పెరగదు, అరచెయ్యంత మచ్చ మనకన్నా పెద్దది కావచ్చు, దాన్ని పీకకూడదు. తర్వాత ద్రవరూపంలో ఉన్న రబ్బరు పాలు పూయాలి. అమ్మోనియా కంపు కొడుతుంది, గాలికి ఎదురుగా నిలబడవద్దు. ఎండలో ఒక పూత ఆరాక ఇంకో పూత, అలా ఆరేడు. మధ్యలో గాజుగుడ్డ ఒక పొర వేస్తే చిరగదు. ఆరాక పౌడరు చల్లుకుంటూ మెల్లగా వలవాలి, లేకుంటే తనకు తానే అతుక్కుపోతుంది. చేతిలోకి అరటిదొప్ప లాంటి రబ్బరు ముక్క వస్తుంది. రాతి మీద గుంట ఉన్నచోట దీని మీద మొటిమ, మొటిమ ఉన్నచోట గుంట. దీన్ని మెత్తని మట్టి మీద ఒత్తితే రాయి తిరిగి లేస్తుంది. ఆ గుట్ట మీద పడమటి అంచున ఒక పెద్ద గుండు ఉండేది, తల వంచుకు కూర్చున్న ముసలమ్మలా. దాని వీపు మీంచి మొదటి ముద్ర తీశాం. 2022 జనవరి. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర అక్కడే తిన్నాం.

ఆ తర్వాత ఆ పిల్లకు రాళ్ళ పిచ్చి పట్టింది. బేలం గుహల వైపు రెండు రోజులు తీసుకెళ్ళాను. అక్కడి సున్నపురాతి మీద వాన నీరు కోసిన సన్నని గాళ్ళు అటూ ఇటూ దాటుకుంటూ ఉంటాయి. అలాంటి రాతిని ఏనుగు చర్మం అనేవాళ్ళం. ఆ సన్నని అల్లికను రాతి మనిషి కనురెప్పలకు, పెదవుల చుట్టూ వాడింది. ఎందుకంటే అక్కడ చర్మం పల్చగా ఉండాలి, ముతక పలుకులు పెడితే రెప్ప వాలదు. వికారాబాదు దగ్గర మర్రంరాయి, అదే లాటరైటు, తేనెపట్టులా బొరియలు బొరియలుగా ఉంటుంది. దాన్ని మెడ వెనక్కి వేసింది. గండికోటకు కూడా పోదామంది గాని నా మోకాళ్ళు ఒప్పుకోలేదు. మా ఇంట్లో బీరువా మీద పాతకాలం నాటి నైస్ రాయి ముక్క ఒకటి ఉంది, ఆగెన్ నైస్ అంటారు. జర్మను భాషలో ఆగెన్ అంటే కళ్ళు. కంటి ఆకారంలో తెల్లని పలుకులు, వాటి చుట్టూ నల్లని చారలు ఏట్లో బండ చుట్టూ నీరు పారినట్టు ఒంపు తిరిగి ఉంటాయి. భూతం కళ్ళ చుట్టూ రేఖలన్నీ ఆ రాయిని ఎదురుగా పెట్టుకుని మలిచింది. ఇరవై ఏళ్ళు కాగితాల మీద బరువుగా పెట్టుకున్న రాయి అది.

ఇప్పుడు ఒక అపశ్రుతి. అచ్చు తయారైంది, సిలికాను కలిపి పోసింది. పొద్దున తీసి చూస్తే పైపొర గట్టిపడలేదు, తాటిముంజె జిగురులా వేళ్ళకు అంటుకుంటోంది. షూటింగు నాలుగు రోజుల్లో ఉంది. ఆ సిలికాను ఖరీదు నా నెల పింఛనులో మూడో వంతు. మళ్ళీ పోసింది, మళ్ళీ అంతే. ఆ రాత్రి వరండాలో కూర్చుని ఏడ్చింది. "నాన్న చెప్పిందే నిజమేమో తాతయ్యా" అంది. నాకు ఓదార్చడం చేతకాదు. ఏదో ఒకటి చెయ్యాలని ఆ బంకమట్టి ముద్ద తీసుకుని పిసికాను. వాసన తగిలింది. పైరైటు రాయిని సుత్తితో కొడితే వచ్చే గంధకం వాసన నా ముక్కుకు ముప్పై ఏళ్ళ పరిచయం. "అమ్మాయ్, ఇందులో గంధకం ఉంది" అన్నాను. కళ్ళు తుడుచుకుని పుస్తకాలు తిరగేసింది. ప్లాటినంతో గట్టిపడే రకం సిలికానుకు గంధకం పడదు. కాస్త తగిలినా ఆ రసాయన చర్య ఆగిపోతుంది. రబ్బరు పాలతోనూ అదే పేచీ. చవగ్గా దొరికిందని కొన్న మట్టి ఆ అచ్చు గోడల్లో ఇంకిపోయింది.

కొత్త మట్టి, గంధకం లేనిది, తెప్పించి మొదటి నుంచి మలచాల్సి వచ్చింది. మొదటిసారి మూడు వారాలు పట్టిన పని ఈసారి ఒకటిన్నర రోజులో అయింది, ఎందుకంటే రాతి ముద్రలన్నీ చేతిలో ఉన్నాయి. ఒత్తుకుంటూ పోయింది. రబ్బరు తగిలిన పేచీ లేకుండా మట్టి మీద పూత వేసి మరీ అచ్చు తీసింది. నేను సంచీలో ముద్రలు వరుసపెట్టి అందించాను. మా ఆవిడ రాత్రి రెండింటికి ఉప్మా చేసి పెట్టింది. సాంబ్రాణి ఊసు ఎత్తలేదు.

రంగు దగ్గర మాత్రం మళ్ళీ తగాదా పడ్డాం. ముక్కలన్నింటికీ బూడిద రంగు కొట్టింది. "ఇది గ్రానైటు కాదు, మునిసిపాలిటీ కల్వర్టు" అన్నాను. గ్రానైటు దూరం నుంచి బూడిద రంగే. దగ్గరికి వెళితే గులాబీ, తెలుపు ఫెల్డ్‌స్పారు, గాజు లాంటి క్వార్ట్జ్, నల్లని అభ్రకం వేటికవే కనిపిస్తాయి. గట్టి కుంచెను వేలితో మీటి మూడు రంగులూ చుక్కలుగా చిమ్మితే, కంటికి అవే కలిసి రాయి అవుతాయి. ఇంకొకటి కూడా చెప్పాను. గుండ్ల మీద వాన నీరు జారేచోట నల్లని చారలు ఉంటాయి, ఆ తడిలో బతికే సూక్ష్మజీవుల వల్ల వచ్చే రంగు. అవి ఎప్పుడూ పై నుంచి కిందికే ఉంటాయి. దాన్ని రెండు కళ్ళ కింద నుంచి గడ్డం దాకా దింపింది. అంతే, ఆ భూతం ఎన్నో యుగాలుగా ఏడుస్తున్నట్టు అయింది. చిత్రం చూసిన ప్రతివాళ్ళూ ఆ చారల గురించే అడిగారట.

షూటింగు రోజు తెల్లవారుజామున నాలుగింటికి ఆ కుర్రవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టింది. ముందు రోజే మోచేతి లోపలి వైపు జిగురు రాసి, దురద, దద్దురు రాలేదని చూసుకుంది. ఈ జాగ్రత్త అందరూ తీసుకోవాలి. మూడున్నర గంటలు పట్టింది. మా అల్లుడుగారు ఎవరికీ చెప్పకుండా వచ్చి దూరంగా కారు పక్కన నిలబడ్డారు. రాతి మనిషి ఆయన వైపు నడిచి వస్తుంటే రెండడుగులు వెనక్కి వేశారు. సాయంత్రం కూతురితో అన్నది ఒక్క మాట, "భోంచేశావా?" అని. మాటలు మళ్ళీ మొదలైంది అక్కడే.

ఇక్కడితో ముగిస్తే బాగుండేది. కాని చెప్పాల్సింది ఒకటి ఉంది.

2023లో ఆ పిల్ల ఇంకో ముద్ర కోసం ఆ గుట్టకు వెళ్ళి, అక్కడి నుంచే ఫోను చేసింది. పడమటి అంచు లేదు. తల వంచుకున్న ముసలమ్మ గుండు లేదు. నీళ్ళు నిలిచిన గొయ్యి, కంకర గుట్టలు, ఒక క్రషరు ఉన్నాయి. హైదరాబాదులో రాళ్ళను కాపాడాలని 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అని ఒక సంఘం పెట్టారు, కొన్ని గుండ్లకు వారసత్వ గుర్తింపు వచ్చింది. గోల్కొండ కట్టినవాళ్ళు గుండ్లను పగలగొట్టకుండా వాటి మీదుగానే గోడ లేపారు, వెళితే చూడండి. కాని మా గుట్ట ఏ జాబితాలోనూ లేదు.

ఆ పిల్ల ఎవరినో తిడుతోంది. నేను ఫోను పట్టుకుని ఊరుకున్నాను. ఎందుకంటే 1988లో ఆ గుట్ట మీద పది రోజులు తిరిగి, ఎన్ని లక్షల ఘనపు మీటర్ల రాయి ఉందో లెక్కకట్టి, నిర్మాణపు రాయికి అనువైనదని నివేదిక రాసి సంతకం పెట్టింది నేనే. ఆ పని తప్పని ఇప్పటికీ అనను. ఇళ్ళకు, రోడ్లకు రాయి కావాలి, మనం కూర్చున్న ఈ హాలు కింద కూడా ఏదో ఒక గుట్ట ఉంది. నా నివేదిక వల్లే అక్కడ లీజు వచ్చిందో, వేరే లెక్కల వల్ల వచ్చిందో కూడా తెలుసుకోలేదు. కాని 2022లో ఆ గుండు వీపు మీద రబ్బరు పూస్తున్నప్పుడు ఈ సంగతి నాకు గుర్తుంది, ఆ పిల్లకు చెప్పలేదు.

వారం తర్వాత చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ నివేదికలో ఆ రాయి ఎలా ఉంటుందని రాశారు తాతయ్యా?" అని అడిగింది. గుర్తు తెచ్చుకుని చెప్పాను, "ముతక రేణువులు, లేత గులాబీ" అని. "అంతేనా?" అంది. అంతే. నివేదికలో ఆ గడిలో మూడు నాలుగు మాటలకే చోటుంటుంది.

ఆ గుండు ముద్ర, రబ్బరుది, ఈ రోజు నాతో తెచ్చాను. ఇదిగో, ఈ బల్ల మీద పెడుతున్నాను. ఏనుగు చర్మం ముక్క, మర్రంరాయి ముక్క కూడా ఉన్నాయి. మూడేళ్ళకే అంచులు గట్టిపడి పెళుసుబారుతున్నాయి. రబ్బరు ఎండకు ఓర్చుకోదు, అందుకే నల్లగుడ్డలో చుట్టి తెచ్చాను. దీని నుంచి సిలికాను నకలు ఒకటి తీసిపెడతానని మనవరాలు అంటోంది, ఈసారి గంధకం లేకుండా. భోజనాలకు లేచేటప్పుడు ఒక్కొక్కరుగా వచ్చి చూడండి. వేళ్ళతో తడమండి, పర్వాలేదు. గోళ్ళతో మాత్రం లాగవద్దు. చూసినవాళ్ళు కిటికీ దగ్గర ఎండలో పెట్టకుండా మళ్ళీ గుడ్డలోనే పెట్టండి. సెలవు.